మోచేయి విరిగితే ముందు వేళ్ళు చూడండి

సంక్రాంతి వచ్చిందంటే మా అశోక్ నగర్‌లో గాలిపటం ఎగరని డాబా ఉండదు. పెద్దవాళ్ళకు పిండివంటల హడావుడి, పిల్లలకు మాంజా హడావుడి. ఎముకల డాక్టర్లకు మాత్రం ఆ నాలుగు రోజులూ మోచేతుల హడావుడి.

పోయిన సంక్రాంతికి మా వీధిలోనే ఆరేళ్ళ కుర్రవాడు తెగిన గాలిపటం కోసం ప్రహరీగోడ ఎక్కాడు. పట్టు తప్పి, ఎడమ చెయ్యి చాచి నేల మీద పడ్డాడు. కబురు వస్తే వెళ్ళాను. మోచేయి అప్పటికే కొబ్బరికాయంత వాచింది. తల్లి తడిగుడ్డ చుట్టబోతోంది. మేనమామ చెయ్యి పట్టుకుని లాగి సరిచేద్దామని చూస్తున్నాడు. పక్కింటి పెద్దాయన "ఆసుపత్రికి పోతే ఆపరేషన్ అంటారమ్మా, నాటుకట్టు కట్టించండి, మూడు కట్లకు అతుక్కుంటుంది" అంటున్నారు. పిల్లవాడి అమ్మమ్మ మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా వాడి వేళ్ళు తన అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే, "ఆ చెయ్యి వెచ్చగా ఉంది గాని, ఈ చెయ్యి చల్లగా ఉంది నాయనా" అంది.

అంతమందిలోనూ చూడవలసినదాన్ని చూసింది ఆవిడ ఒక్కతే. ఈ వారం మీకు చెప్పదలచుకున్నది కూడా ఆ ఒక్క విషయమే. పిల్లల మోచేయి విరిగినప్పుడు ఎముక ఎలాగూ అతుక్కుంటుంది. అసలు భయపడవలసింది వేళ్ళ గురించి.

విరిగేది ఎక్కడ?

భుజం నుంచి మోచేతి దాకా ఉండేది ఒకే ఎముక. స్కూలు పుస్తకాల్లో దీన్నే భుజాస్థి అంటారు. ముంజేతిలో రెండు ఎముకలు, రత్ని, అరత్ని. ఈ మూడూ కలిసేచోటే మోచేతి కీలు. ఆ కీలుకు కాస్త పైన, భుజాస్థి అడుగుభాగంలో, ముందు ఒక గుంట, వెనుక ఒక గుంట ఉంటాయి. చెయ్యి పూర్తిగా ముడవడానికీ, చాపడానికీ ఆ గుంటలు అవసరం. అయితే రెండు గుంటల మధ్య మిగిలిన ఎముక అప్పడంలా పలుచన. పిల్లలు పడేటప్పుడు చెయ్యి చాచి నేలకు ఆనిస్తారు. వారి కీళ్ళు సాగుడుగుణం కలవి కాబట్టి మోచేయి వెనక్కు వంగుతుంది. బరువంతా ఆ పలుచని చోట పడి ఎముక విరుగుతుంది.

పిల్లల మోచేతి దగ్గర విరిగే ఎముకల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. ఎక్కువగా అయిదు నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు వస్తుంది. గోడలు, మంచాలు, ఉయ్యాలలు, పార్కులో జారుడుబల్లలు, సైకిళ్ళు, ఇవే కారణాలు.

అమెరికా డాక్టరు గార్ట్‌లాండ్ 1959లో ఈ విరుగుళ్ళను మూడు తరగతులుగా విభజించాడు. నేటికీ ప్రపంచమంతా ఆ లెక్కే వాడుతున్నారు. మొదటి తరగతిలో ఎముక చిట్లుతుంది గాని జరగదు. రెండవ తరగతిలో ముందువైపు విరిగి, వెనుక పొర మాత్రం తలుపు మడతబందులా పట్టుకుని ఉంటుంది. మూడవ తరగతిలో రెండు ముక్కలూ పూర్తిగా విడిపోయి, కిందిముక్క వెనక్కు జరిగిపోతుంది. పైముక్క మొన మాత్రం ముందుకు పొడుచుకుని వస్తుంది. పేచీ అంతా ఆ మొనతోనే.

మొన ముందు ఏముంది?

చేతికి రక్తం తీసుకువెళ్ళే పెద్ద ధమని, వేళ్ళను కదిలించే ముఖ్యమైన నరం, రెండూ మోచేతి ముందు నుంచే కిందికి దిగుతాయి. తోటకు నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టం మీద ఎవరైనా కాలు పెడితే ఏమవుతుంది? నీళ్ళు ఆగిపోతాయి. ఎముక మొన ఆ ధమని మీద ఒత్తితే అదే జరుగుతుంది. దీనికి తోడు లోపల రక్తం కారి వాపు పెరుగుతుంది. ముంజేతి కండరాల చుట్టూ సాగని గట్టి పొర ఒకటి ఉంటుంది. లోపల వాపు పెరిగి, బయట పొర సాగకపోతే, మధ్యలో కండరం నలిగిపోతుంది. పైన బిగుతుగా కట్టు కూడా కడితే ఇక చెప్పనవసరం లేదు.

రక్తం అందని కండరం ఎంతసేపు బతుకుతుంది? సుమారు ఆరేడు గంటలు. ఆ తర్వాత చచ్చిన కండరం క్రమంగా తాడులా గట్టిపడి, కురచబడి, వేళ్ళను లోపలికి లాగేస్తుంది. చెయ్యి గద్దగోళ్ళలా ముడుచుకుపోతుంది. దీన్ని 1881లో వివరించినవాడు జర్మనీలోని హాలే నగర సర్జన్ రిచర్డ్ ఫోక్‌మన్. మరీ బిగుతుగా కట్టిన కట్లే దీనికి కారణమని ఆయన ఆనాడే రాశాడు. ఆ వ్యాధికి ఆయన పేరే నిలిచిపోయింది. ఈ ఫోక్‌మన్ పిల్లల కథలు కూడా రాశాడు. మారుపేరుతో వచ్చిన ఆ కథల పుస్తకాన్ని 1871 నుంచి జర్మన్ పిల్లలు ఎన్నో తరాలు చదువుకున్నారు. పిల్లల కోసం కథలు రాసిన చేత్తోనే పిల్లల చేతులు ఎలా పోతున్నాయో కూడా రాశాడు. నూట నలభై ఏళ్ళు దాటినా ఆ హెచ్చరిక అవసరం తీరలేదు.

నా పొరపాటు ఒకటి చెబుతాను

ఇతరులను అనేముందు నా సంగతి చెప్పడం న్యాయం. చదువు ముగించుకుని కొత్తగా డ్యూటీలు చేస్తున్న రోజులు. ఒక సాయంత్రం ఏడేళ్ళ బాబు ఇలాగే వచ్చాడు. ఎముక సరిచేశాను. అది మళ్ళీ జారకూడదని మోచేతిని బాగా ముడిచి, చుట్టూ పిండికట్టు వేశాను. ఎక్స్‌రే చూసుకుని మురిసిపోయాను. తల్లితో "నొప్పి ఉంటుందమ్మా, మందు వెయ్యండి, తగ్గిపోతుంది" అని చెప్పి పంపించాను. వేళ్ళ గురించి ఒక్క మాట చెప్పలేదు.

అర్ధరాత్రి ఆవిడ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని తిరిగి వచ్చింది. "రెండుసార్లు మందు పోశాను బాబూ, అయినా ఏడుపు ఆగలేదు. ఇది మామూలు ఏడుపులా లేదు" అంది. నేను సర్దిచెప్పబోయాను. ఆ రోజు డ్యూటీలో ఉన్న మా పెద్ద డాక్టరుగారు మాత్రం నిద్రలేచి వచ్చి, బాబు మధ్యవేలు పట్టుకుని మెల్లగా చాపారు. పిల్లవాడు కెవ్వుమన్నాడు. మరుక్షణం ఆయన కత్తెర అందుకుని కట్టును పైనుంచి కింద దాకా, లోపలి దూదితో సహా, చర్మం కనిపించేంతవరకు చీల్చేశారు. మోచేతిని కొంచెం చాపారు. కాసేపటికి తెల్లబడిన వేళ్ళలోకి ఎరుపు తిరిగివచ్చింది. ఏడుపు ఆగి, పిల్లవాడు అలాగే నిద్రపోయాడు. ఆయన నన్ను కోప్పడలేదు. "ఎముకను నిలబెట్టబోయి చేతిని పోగొట్టేవాడివి" అన్నారంతే.

ఆ బాబు అదృష్టం, వాళ్ళమ్మ తెల్లవారేదాకా ఆగలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకే మరో పాపను చూశాను. ఎక్కడో వెదురుబద్దలతో బిగించి కట్టిన కట్టు. పాప ఏడిస్తే "నొప్పి ఉంటే అతుక్కుంటున్నట్లే" అన్నారట. నాలుగో రోజున ఏడుపు మానేసింది. తగ్గిందనుకున్నారు. తగ్గలేదు, స్పర్శ పోయింది. మా దగ్గరకు వచ్చేసరికి చెయ్యగలిగింది చాలా తక్కువ. ఎముక మాత్రం బ్రహ్మాండంగా అతుక్కుంది! ఆ చేత్తో ఆ పిల్ల తన జడ తాను వేసుకోలేకపోయింది.

పిండికట్టు వేసింది డాక్టరైనా, బద్దలు కట్టింది నాటువైద్యుడైనా కండరానికి తేడా తెలియదు. బిగుతు బిగుతే.

పడిన వెంటనే ఏం చెయ్యాలి?

1. చెయ్యి లాగకండి, తిప్పకండి, సరిచెయ్యాలని చూడకండి. మొన ఎక్కడ గుచ్చుకుంటుందో మీకు కనబడదు.

2. చెయ్యి ఉన్న వంపులోనే దాన్ని నిలపండి. మీరు చదువుతున్న ఇలాంటి వారపత్రికను మడిచి గాని, అట్టముక్కను గాని చేతి కింద ఆనించి, చున్నీతోనో తువ్వాలుతోనో వదులుగా కట్టండి. వాచిన మోచేతి మీద ముడి పడకూడదు. మోచేతిని బలవంతంగా ముడిచి మెడకు కట్టడం మంచిది కాదు.

3. గాజులు, ఉంగరం, కడియం, మణికట్టుకు కట్టిన తాయెత్తు, దారం వెంటనే తీసేయండి. వాపు పెరిగాక అవే ఉరితాళ్ళవుతాయి.

4. నూనె, పసుపు, పసర్లు రాయకండి. మాలిష్ అసలే వద్దు.

5. తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకండి. ఏడుస్తున్నాడని పాలో బిస్కట్లో పెడతారు. మత్తు ఇవ్వవలసి వస్తే తిన్న తర్వాత సాధారణంగా ఆరుగంటలు ఆగవలసి ఉంటుంది. మీరు ముద్దుగా పెట్టిన బిస్కట్టు పిల్లవాడి వైద్యాన్ని ఆలస్యం చేస్తుంది.

6. వేళ్ళు చూడండి. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి పోల్చండి. వెచ్చగా ఉన్నాయా? గోరు మీద నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలో మళ్ళీ ఎరుపెక్కుతోందా? తెల్లబడినా, నీలంగా మారినా, చల్లబడినా ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయరాదు. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చినా అంతే. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి.

నరాలు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి పిల్లలకు తెలిసిన ఆటే ఉంది. రాయి, కాగితం, కత్తెర! పిడికిలి బిగించి రాయి, వేళ్ళు చాపి కాగితం, రెండు వేళ్ళు విడదీసి కత్తెర చూపించమనండి. చివరగా బొటనవేలి కొన, చూపుడువేలి కొన కలిపి గుండ్రటి సున్నా చుట్టమనండి. ఈ విరుగుడులో తరచు దెబ్బతినే నరం పని ఆ సున్నాలోనే బయటపడుతుంది. సున్నా సరిగ్గా రాకపోతే ఆ మాట డాక్టరుకు చెప్పండి. దీనికి బెంబేలు పడనక్కరలేదు. ఇలా నలిగిన నరాలు చాలావరకు కొన్ని వారాల్లోనో, నెలల్లోనో వాటంతట అవే కోలుకుంటాయి.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

ఎముకల డాక్టరు, పిల్లలకు మత్తు ఇచ్చే డాక్టరు, ఎక్స్‌రే, మూడూ ఉన్నచోటుకే నేరుగా వెళ్ళండి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ వారికి గాంధీ ఆసుపత్రి అట్టే దూరం కాదు. ఖర్చుకు భయపడి నాటుకట్టుకు పరిగెత్తేవారు ముందు సర్కారు ఆసుపత్రి గడప తొక్కండి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అక్కడ కౌంటరులో అడగండి.

ఎముక జరగకపోతే ఆపరేషన్ ఏమీ ఉండదు. మోచేతి వెనుకవైపు పిండిపట్టీ వేసి సుమారు మూడు వారాలు ఉంచుతారు. కొన్నిసార్లు తొలి ఎక్స్‌రేలో విరుగుడు గీత కనిపించదు. అయినా వాపును బట్టి డాక్టరు పట్టీ వేస్తారు. "ఎక్స్‌రే బాగానే ఉందిగా" అని మీరు తీసేయకండి.

రెండవ తరగతి విరుగుళ్ళలో ఎంత జరిగిందో చూసి డాక్టరు నిర్ణయిస్తారు. మూడవ తరగతి, అంటే పూర్తిగా జరిగిన ఎముకకు, వట్టి కట్టు చాలదు. మా చదువురోజుల్లో ఇలాంటి పిల్లల చేతికి బరువు వేలాడదీసి వారాల తరబడి మంచం మీద ఉంచడం కూడా చూశాం. ఇప్పుడు పద్ధతి మారింది. పిల్లవాడికి పూర్తి మత్తు ఇచ్చి, సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద చూస్తూ, చర్మం కొయ్యకుండానే ఎముకను బయటినుంచి సర్దుతారు. సర్దిన ఎముక జారిపోకుండా చర్మంలోంచి రెండు మూడు సన్నని ఉక్కుతీగలు దూర్చుతారు. వీటిని కె-వైర్లు అంటారు. 1909లో ఇలాంటి తీగలను వైద్యంలోకి తెచ్చిన జర్మన్ సర్జన్ కిర్ష్‌నర్ పేరులోని మొదటి అక్షరమే ఈ కె.

ఈ తీగల వల్ల పెద్ద లాభం ఒకటుంది. ఎముకను తీగలే పట్టుకుంటాయి కాబట్టి, నేను ఆనాడు చేసినట్లు మోచేతిని బాగా ముడిచి బిగించవలసిన అవసరం లేదు. చెయ్యి వదులుగా, సుఖంగా ఉంటుంది. రక్తం హాయిగా ఆడుతుంది. ఆపరేషన్ అనగానే హడలిపోయేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కడ తీగ వెయ్యడం చేతిని కాపాడడానికే. బయటినుంచి ఎముక సర్దుకోకపోయినా, రక్తప్రసారం తిరిగి రాకపోయినా మాత్రం కోసి చూడవలసి ఉంటుంది.

ఇంకొక మాట. వేళ్ళు ఎర్రగా, వెచ్చగా ఉండి, నాడి అందుతూ, నరాలు పనిచేస్తూ ఉంటే, రాత్రి వచ్చిన పిల్లవాడికి డాక్టరు మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ చెయ్యవచ్చు. నిర్లక్ష్యం చేశారని గొడవపడకండి. రాత్రంతా వేళ్ళను గమనిస్తూ ఉన్నారా లేదా అన్నది అడగండి. తెల్లగా, చల్లగా ఉన్న చేతికి మాత్రం పొద్దు, రాత్రి అన్న తేడా లేదు.

నాటుకట్టు మాటేమిటి?

పాత చిత్తూరు జిల్లాలోని పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డ. తరాలుగా ఎందరో వెళ్ళి కట్టించుకున్నారు, నడుస్తున్నారు, పనులు చేసుకుంటున్నారు. ఆ నమ్మకాన్ని నేను వెక్కిరించను. ఎందుకంటే ఎముకకు అతుక్కునే గుణం పుట్టుకతో ఉంది. కదలకుండా ఉంచితే చాలా ఎముకలు తమంతట తామే అతుక్కుంటాయి. పిల్లల్లో మరీ త్వరగా.

కాని జరిగిపోయిన మోచేతి ఎముక సంగతి వేరు. ఎక్స్‌రే లేనిదే మొన ఎటు ఉందో ఎవరి చేతివేళ్ళకూ తెలియదు. వాచిన మోచేతి చుట్టూ ఏ కట్టు బిగించినా ప్రమాదమే. కట్టు పేరు పట్టుకుని ఊరూరా బోర్డులు కట్టినవారికి ఎంత అనుభవం ఉందో మీకు తెలియదు. ఇప్పటికే కట్టించి ఉంటే, పిల్లవాడి వేళ్ళు వాచినా, చల్లబడినా, ఏడుపు ఎక్కువైనా ఇంట్లోనే ఆ కట్టు విప్పేసి తీసుకురండి. "ఎందుకు కట్టించారు?" అని ఎవరైనా కోప్పడతారేమోనని సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి. తిట్లు రెండు నిమిషాలు, చెయ్యి నూరేళ్ళు.

ఇంటికి వచ్చిన తర్వాత

మొదటి రెండు రోజులు చెయ్యి దిండు మీద, గుండెకంటే కొంచెం ఎత్తులో ఉంచండి. మేల్కొని ఉన్నంతసేపు గంటకొకసారి వేళ్ళు కదపమనండి. కట్టు తడపకండి. దురద అని లోపల పుల్లలు, స్కేళ్ళు దూర్చనివ్వకండి. తీగల దగ్గర చీము కారినా, దుర్వాసన వచ్చినా, జ్వరం వచ్చినా చూపించండి.

అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు నొప్పి. కట్టు వేశాక నొప్పి గంటగంటకూ తగ్గాలి. మందు వేసినా పెరుగుతుంటే, పిల్లవాడు స్థిమితం లేక పొర్లుతుంటే, వేలిని మెల్లగా చాపితే అరుస్తుంటే, మొద్దుబారిందంటుంటే రాత్రి ఒంటిగంటైనా సరే ఆసుపత్రికి రండి. నాడి అందుతోంది కదా అని ఆగకండి. నాడి ఉండగానే లోపల కండరం నలిగిపోవచ్చు.

తీగలను మూడు నాలుగు వారాలకు తీసేస్తారు. సాధారణంగా మళ్ళీ మత్తు అక్కరలేదు. అప్పుడు మోచేయి బిగుసుకుని, సరిగ్గా చాపలేక, ముడవలేక ఉంటుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు తొందరపడి, నూనె కాచి మాలిష్ మొదలుపెడతారు. బలవంతంగా సాగదీస్తారు. చేతికి ఇటుక కట్టి వేలాడదీసినవారిని కూడా చూశాను. అలా చేస్తే కీలు చుట్టూ కండరంలో కొత్త ఎముక పుట్టి, చెయ్యి శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. పిల్లవాణ్ణి ఆడుకోనివ్వండి, అన్నం కలుపుకోనివ్వండి, తల దువ్వుకోనివ్వండి. కొన్ని వారాల్లో చాలావరకు, మిగిలింది ఏడాదిలోపు, దానంతట అదే వస్తుంది.

"పెరిగే పిల్లవాడు కదా, కొంచెం వంకరగా అతుక్కున్నా సర్దుకోదా?" అని అడుగుతారు. ఈ ఎముకకు ఆ ఆశ పెట్టుకోవద్దు. భుజాస్థి పొడవు పెరగడంలో నూటికి ఎనభై వంతులు భుజం దగ్గరే జరుగుతుంది. మోచేతి దగ్గర పెరుగుదల ఇరవై వంతులే. పైగా పక్కకు వాలిన వంకర పెరుగుదలతో పోదు. మామూలుగా చెయ్యి చాపితే ముంజెయ్యి కొంచెం బయటికి వాలి ఉంటుంది. అందుకే బకెట్టు పట్టుకుని నడిస్తే కాలికి తగలదు. సరిచెయ్యకుండా వదిలేసిన చెయ్యి లోపలికి వాలిపోతుంది. పని చేస్తుంది గాని చూపులకు ఎబ్బెట్టుగా ఉంటుంది. తర్వాత సరిచెయ్యాలంటే ఎముకను కోసి సర్దాలి. ఆ పెద్ద ఆపరేషన్‌కంటే మొదటిరోజున వేసే రెండు తీగలు ఎంతో మేలు.

ఇక మా వీధి కుర్రవాడి సంగతి. మడిచిన వారపత్రిక ఒకటి చేతికి ఆనించి, చున్నీతో కట్టి, కారులో ఎక్కించాం. ఆ రాత్రే ఎముక సర్ది తీగలు వేశారు. ఎముక చోటికి రాగానే వేళ్ళు వెచ్చబడ్డాయి. నాలుగు వారాలకు తీగలు తీశారు. మొన్న దసరాకు మెట్ల మీద కనిపించి "డాక్టర్ తాతయ్యా, చూడు" అని రెండు చేతులూ ఒకేలా చాపి చూపించాడు. రేపు సంక్రాంతికి గోడ ఎక్కనని మాత్రం మాట ఇవ్వలేదు. ఆరేళ్ళవాడు అలాంటి మాట ఇచ్చినా మనం నమ్మకూడదు. డాబా పిట్టగోడలు చూసుకోవలసింది పెద్దవాళ్ళమే.

పిల్లలు పడకుండా ఎవరం ఆపలేం. పడ్డప్పుడు మాత్రం చెయ్యి లాగకుండా, బిగించకుండా, ఆ అమ్మమ్మలా ముందు వేళ్ళు పట్టుకుని చూడండి.